బోర్డు కచేరి కుర్చీ

తొంభై ఆరులో, వేరుశనగ పీకే కాలంలో, మా ఊరి బోర్డు కచేరి, అంటే పంచాయతీ ఆఫీసు, తలుపులు మళ్ళీ తెరిచారు. అంతకు ముందు కొన్నేళ్ళపాటు పంచాయతీ ఎన్నికలే జరగలేదు. ప్రెసిడెంటు లేడు, మెంబర్లు లేరు. హోసూరు పంచాయతీ యూనియన్ ఆఫీసు నుంచి ఎవరో ఒక ఆఫీసరు ఎప్పుడైనా వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. ఖాళీగా ఉన్న కచేరిలో ఊళ్ళోవాళ్ళు పట్టుగూళ్ళ తట్టలు పెట్టుకునేవారు. ఎన్నికలు వస్తున్నాయని తెలిసిన మర్నాడే మా మామ నరసింహప్ప ఆ తట్టలన్నీ బయట పెట్టించి, ఊడ్చే నాంచారమ్మ చేత నేలంతా కడిగించారు.

మా ఊరు బండపల్లి, తమిళ రాష్ట్రంలో, మత్తిగిరి దాటాక వస్తుంది. ఆ కచేరి తెల్లదొరల కాలంలో కట్టింది. రాతి స్తంభాలు, పైన మంగళూరు పెంకులు, ముందు వైపు కొయ్య కమ్మీల వరండా. సేలం నుంచి కలెక్టరు దొర గుర్రం మీద వస్తాడని, ఆయన కూర్చోడానికని టేకు కుర్చీ చేయించారట. దొర వచ్చి ఒక పూట కూర్చుని పోయాడు. ఆ తర్వాత బోర్డు ప్రెసిడెంట్లందరూ దాంట్లోనే కూర్చున్నారు. ప్లేగు వచ్చిన ఏడు ఆ కచేరి వరండాలోనే జనానికి సూదులు వేశారు. కరువు ఏడు అక్కడే గంజి పోశారు. బడి కట్టేదాకా పిల్లలకు అక్కడే పాఠాలు చెప్పారు. గోడ మీద ప్రెసిడెంట్ల ఫోటోలు వరసగా ఉండేవి. మొదట్లో తలపాగాలు, తర్వాత గాంధీ టోపీలు, ఆ తర్వాత నూనె రాసి దువ్విన తలలు. చివరి ఫోటో మా మామది.

నాంచారమ్మ తప్ప ఇంకో ఆడమనిషి ఆ గడప దాటి లోపలికి పోయిందని నేను వినలేదు. ఆడవాళ్ళు ఏదైనా చెప్పుకోవాలంటే కిటికీ కింద నిలబడి చెప్పుకోవాలి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మామ ఇంకా ప్రెసిడెంటుగా ఉన్నారు. మీటింగు ఉన్న రోజు ఆయనకు క్యారియర్ తీసుకుపోయి, వెనక వరండాలో నిలబడి, లోపల మాటలన్నీ అయ్యేదాకా వినేదాన్ని. ఏ వీధికి దీపం వేయాలి, ఏ బావి పూడిక తీయాలి, ఎవరి గట్టు ఎవరు జరిపారు. సంతకు పోవడం కంటే, పెళ్ళికి పోవడం కంటే నాకు ఆ మాటలు వినడమే ఇష్టంగా ఉండేది. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మగవాళ్ళు భోజనానికి కూర్చున్నారు. మామ, నా భర్త మంజునాథ్, మరిది మునిరాజు. నేను రాగిముద్దలు పెడుతున్నాను. నా తోడికోడలు అంబిక చారు పోస్తోంది.

"ఈ తూరి ప్రెసిడెంటు సీటు ఆడోళ్ళకంట," అన్నారు మామ. "ఆర్డరు వచ్చేసినాది."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అట్లయితే మనింట్లో ఎవురిని నిలబెట్టేది నాయనా?" అన్నాడు నా భర్త. అడిగేటప్పుడు అతను నా వైపు చూడలేదు.

"దాంట్లో అనుకునేదేముంది? అంబికమ్మే. పదో తరగతి పాసయినాది. తమిళం గడగడా చదువుతాది. ఆఫీసర్ల ముందర మాట్లాడాలంటే ఆయమ్మే సరి."

"నేనా మామా?" అంటూ అంబిక గరిటెను చారు గిన్నెలోనే వదిలేసింది. మునిరాజు నవ్వుతూ మీసం దువ్వుకున్నాడు. నా భర్త తల ఊపాడు. ముద్ద కోసం విస్తరి ముందుకు జరిపాడు.

పెద్ద కోడలు వద్దు అని వాళ్ళు అని ఉంటే నాకు కోపం వచ్చి, రెండు రోజుల్లో పోయేది. వాళ్ళు నన్ను అనుకోనే లేదు. ఆ మంట పోలేదు.

అంబికది కృష్ణగిరి. ఆమె మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మామ పేపరు ఆమె చేతికిచ్చి చదవమన్నారు. అప్పటి నుంచి పొద్దున అది వాళ్ళిద్దరి పని. నేనూ చదువుకున్నదాన్నే. కుప్పం దగ్గర మా పుట్టింట్లో ఏడో తరగతి దాకా తెలుగులో చదివాను. కానీ మా ఊళ్ళో నోటితో మాట్లాడేది తెలుగు, కాగితం మీద రాసేది తమిళం. నా చదువు ఈ ఇంటికి వచ్చాక చదువు కాకుండా పోయింది. నా కూతురు భువన కూడా బడి నుంచి రాగానే "చిన్నమ్మా" అనుకుంటూ లోపలికి పరుగెత్తేది. నేను జడ వేస్తే వదులైపోయిందని విప్పుకుని పోయి ఆమె చేత వేయించుకునేది.

నామినేషన్ వేసే రోజు జీపు మాట్లాడారు. ఎక్కడైనా తప్పు పట్టి అంబిక నామినేషన్ కొట్టేస్తే అక్కరకు ఉంటుందని, అదే ఇంటి నుంచి ఇంకొకరి చేత కూడా వేయిస్తారు. దాన్ని డమ్మీ అంటారు. మొదటిది నిలిచిందని తెలిశాక డమ్మీని వాపసు తీసుకుంటారు. ఆ డమ్మీని నేను.

"వదినా, నువ్వు కూడా ఒక సంతకం పెట్టల్ల," అన్నాడు మునిరాజు. "సంతకం వస్తాదా, లేకపోతే బొటనవేలా?"

జీపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అంబిక కూడా నవ్వింది. ఆమె కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో మామ పక్కన కూర్చుంది. నేను వెనక, కాగితాల కట్ట పక్కన.

నామినేషన్ల పరిశీలన రోజున యూనియన్ ఆఫీసులో మైకు పెట్టి పేర్లు పిలిచారు. ఆఫీసరు తమిళ పలుకుతో గట్టిగా "మునిలక్ష్మమ్మ" అన్నాడు. ఇంట్లో నేను పెద్ద కోడలిని, వదినని, భువన వాళ్ళ అమ్మని. ఆ పేరు పెట్టి నన్ను పిలిచేవాళ్ళు మా అమ్మతోనే పోయారు. లేచి నిలబడ్డాను. ఆ హాల్లో ఉన్న మగవాళ్ళంతా తిరిగి చూశారు. ఆఫీసరు నన్ను చూసి, నామినేషన్ సరిగ్గా ఉందని చెప్పి కూర్చోమన్నాడు. నాకు కూర్చోవాలనిపించలేదు.

వాపసు తీసుకోవాల్సిన రోజు పొద్దున్నే నేను చేనికి పోయాను. రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. చెట్టు పట్టి లాగితే కాయలు గుత్తులుగా వస్తున్నాయి. కూలివాళ్ళతో పాటు వరస పట్టి పీకుతున్నాను. జీపు వచ్చి రోడ్డు మీద నిలబడి హారన్ కొట్టింది. నేను తల ఎత్తలేదు. మునిరాజు గట్టు మీద నుంచి కేక వేశాడు.

"వదినా, టైమయితాండాది. కాళ్ళు కడుక్కొని రా."

"పని ఉండాది మునిరాజూ."

"ఏం పని? కూలోళ్ళు లేరా?"

నేను ఇంకో చెట్టు పట్టి లాగాను. అతను కొంతసేపు గొణుక్కుని వెళ్ళిపోయాడు. తర్వాత నా భర్త వచ్చాడు. అతనికీ అదే చెప్పాను. అతను చెప్పు విసిరికొట్టినంత పని చేశాడు. చివరికి మామ స్వయంగా వచ్చారు. పంచె ఎగ్గట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని, బురదలో దిగి నేను ఉన్న సాలు దాకా వచ్చారు.

"ఏమ్మా, జీపు నిలబడి ఉండాది."

"పోనీండి మామా."

"సంతకం నీది కావాల కదమ్మా."

"నాది కావాలంటే నేను పెట్టాల కదా."

ఆయన అక్కడే గట్టు మీద కూర్చున్నారు. నేను పీకి వేసిన చెట్టు తీసుకుని, మట్టి దులిపి, ఒక కాయ ఒలుచుకుని నోట్లో వేసుకున్నారు. పచ్చికాయ. నెమ్మదిగా నమిలారు.

"నీకు నిలబడాలని ఉండాదా?"

"మీరు అడగలే."

"అడగలే," అన్నారాయన. ఇంకో కాయ ఒలిచి నా చేతిలో పెట్టారు. లేచి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. కాసేపటికి జీపు ఇంటి వైపు తిరిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో నా భర్త అరిచిన అరుపులు వీధి చివర దాకా వినిపించి ఉంటాయి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు నిలబడి ఓట్లు చీలితే వెంకటేశప్ప పెళ్ళాం గెలుస్తుందని, అప్పుడు ఊళ్ళో తలెత్తుకోలేమని. వెంకటేశప్ప మామకు పాత పోటీదారు. అతనూ తన భార్యను నిలబెట్టాడు. మామ ఒక్కరే "నిలబడనీ," అని మాత్రం అని పడుకున్నారు.

రెండు రోజులకు, గుర్తులు ఇచ్చాక, అంబిక వంటింట్లోకి వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నన్ను ముందే అడిగుంటే నేనే నీకు ఇడిచిపెట్టి ఉందును కదా."

"ఇడిచిపెట్టేదానికి అది నీదా?" అన్నాను.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. నేను పిండి కలుపుతున్నాను. "నీకేం గుర్తు ఇచ్చినారు?" అంది.

"గుమ్మడికాయ."

ఆమెకు నవ్వు వచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఆమె గుర్తు తాళంచెవి. పోస్టరులో నీట్‌గా, తళతళమంటూ. నాది గుమ్మడికాయ. నాకూ నవ్వు వచ్చేదే, ఆమె ముందుగా నవ్వకపోయి ఉంటే.

అంబిక కోసం పోస్టర్లు అచ్చు వేశారు. ఆటోకు మైకు కట్టారు. భువన స్నేహితురాళ్ళను వెంటేసుకుని వీధి వీధికీ పోస్టర్లు అంటించింది. ఆ పోస్టర్లకు మైదా గంజి నేనే కాచాను. ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేది నేను కదా. గంజి బక్కెట ఎత్తుకుని పోతూ భువన గడపలో ఆగింది.

"అమ్మా, నాకు ఓటు ఉంటే నీకు వేసి ఉందును."

"అట్లయితే ఆ పోస్టరు ఎందుకు అంటిస్తాండావు?"

"చిన్నమ్మ గెలుస్తాది కదా," అంది, అందులో అడగడానికేముంది అన్నట్లు.

నాకు పోస్టరు లేదు, మైకు లేదు. పని అయ్యాక సాయంత్రాలు ఒక్కదాన్నే బయలుదేరేదాన్ని. నాంచారమ్మ వాళ్ళ వీధికి, కొండ కింద ఉన్న ఇళ్ళకు, ఇటుక బట్టీల దగ్గరికి. మొదట్లో నాకు నోరు పెగిలేది కాదు. పేరు చెప్పి, గుర్తు చెప్పి, ఊరికే నిలబడేదాన్ని. ఆడవాళ్ళు వింతగా చూసేవారు.

"ఒకే ఇంట్లో ఇద్దరా? ఏమ్మా, కొట్లాడుకున్నారా?" అంది ఒక ముసలామె.

"కొట్లాడలే అవ్వా. నాకూ కావాల, ఆమెకూ కావాల."

ఆ ముసలామె పకపకా నవ్వింది. పక్కింటామెను పిలిచి ఆ మాట మళ్ళీ నా చేత చెప్పించింది. మరుసటి రోజు నేను పోయేసరికి ఆ వీధిలో ఆడవాళ్ళు అరుగుల మీద ఎదురుచూస్తూ ఉన్నారు. "గుమ్మడికాయ వచ్చినాది" అన్నారు. బోరింగు దగ్గర క్యూ గురించి చెప్పారు. దీపం లేని సందు చూపించారు. బాలింత ఉన్న ఇంటికి రేషన్ కార్డు ఇవ్వలేదన్నారు. నేను కచేరి వెనక వరండాలో నిలబడి విన్నది ఒక వైపు మాటలే. ఇప్పుడు రెండో వైపు వింటున్నాను. ఇంటికి తిరిగి వస్తుంటే మైకు కట్టిన ఆటోలో అంబిక ఎదురొచ్చేది. మెడలో దండ, పక్కన మునిరాజు. ఆమె నన్ను చూసి చేయి ఊపేది. ఓటు అడుగుతూ జనానికి ఊపిన చేయి అది. నాకూ అలాగే ఊపేది. ఒళ్ళు మండేది నాకు.

ఓట్ల రోజు మా ఇంటివాళ్ళమంతా కలిసే వెళ్ళాం. బ్యాలెట్ కాగితం మీద మొదట తాళంచెవి, చివర గుమ్మడికాయ. తాళంచెవి పక్కన పేరు నాకు చదవడం రాని అక్షరాల్లో ఉంది. నా పేరూ ఆ అక్షరాల్లోనే ఉంది. గుమ్మడికాయ మీద గట్టిగా ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో వేశాను.

లెక్కింపు హోసూరులో. అంబిక గెలిచింది. వెంకటేశప్ప భార్య కొంచెంలోనే ఓడింది. నాకు నూరుకు పైగా పడ్డాయి.

"ఇంకొంచెం ఉంటే కొంప మునిగి ఉండును," అన్నాడు నా భర్త. తర్వాత, గొంతు తగ్గించి, "అన్ని ఓట్లు ఎవురు వేసినారే నీకు?" అన్నాడు.

"నాకేం తెలుసు?"

నిజంగానే తెలియదు. ఆ తర్వాత కొన్ని రోజులు ఊళ్ళో ఎవరు ఎదురుపడినా ముఖంలోకి చూసేదాన్ని. పాలు పోసేవాడు, బట్టీ కాడి ఆడవాళ్ళు, కిరాణా అంగడి ముసలాయన. వీళ్ళలో ఎవరో నా పేరు మీద ముద్ర గుద్దారు. అది తలుచుకుంటే ఒళ్ళు వెచ్చగా అయ్యేది. ఆ వెంటనే అంబిక మెడలో దండలు కళ్ళ ముందుకు వచ్చేవి.

దసరా అయ్యాక ప్రమాణం చేయించారు. ఆ రోజు అంబిక టేకు కుర్చీలో కూర్చుంది. ఫోటో తీశారు. నేను ఇంట్లో పాయసం చేస్తున్నానని చెప్పి పోలేదు. అదే ఆమె ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు, కొన్నాళ్ళ దాకా చివరి రోజు కూడా.

ఆ మర్నాటి నుంచి కచేరికి మునిరాజు పోయాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ఊళ్ళో అతన్ని "ప్రెసిడెంటప్పా" అనడం మొదలుపెట్టారు. అతను తిరిగి చూసేవాడు. పంచాయతీ క్లర్కు ముత్తప్ప కాగితాలు ఇంటికి తెచ్చేవాడు. అంబిక తడి చేయి కొంగుకు తుడుచుకుని, వాకిట్లో నిలబడి సంతకం పెట్టి, మళ్ళీ వచ్చి కూరగాయలు తరిగేది. మొదటిసారి అది చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు సంతోషం వేసింది. తాళంచెవి నా పక్కనే కూర్చుని అలసందలు ఒలుస్తోంది. ఇంత దానికా ఇంత ఆర్భాటం అనుకున్నాను.

ఆ సంతోషం ఎక్కువ రోజులు లేదు. ఆమె సంతకం పెట్టే ప్రతిసారీ నాకు లోపల ఏదో పుండును గీరినట్లుండేది. కాగితం చదవకుండానే పెట్టేది. పది పాసైన మనిషి, మామకు పేపరంతా చదివి వినిపించిన మనిషి. ఏముందో చూడవా అని అడగాలని నోటి దాకా వచ్చేది. నాకెందుకులే అనుకునేదాన్ని.

ఒకరోజు నాంచారమ్మ పెరట్లోకి వచ్చి నిలబడింది.

"ఏమ్మా, కచేరి పడగొడతారంట కదా. మీరైనా చెప్పకపోతిరి."

"ఎవురు చెప్పినారు?"

"టేపు పెట్టి కొలిచి పోయినారు. రోడ్డు పక్కన అంగళ్ళు కడతారంట. ఈ పొద్దు మీటింగులో తీర్మానం. నా చీపురు యాడ పెట్టుకునేది ఇంక?"

నేను మామ దగ్గరికి పోయాను. ఆయన వసారాలో పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎన్నికలయ్యాక ఆయనకు పేపరు చదివి పెట్టే తీరిక ఎవరికీ లేదు.

"మీకు తెలుసా మామా?"

"మునిరాజు చెప్పినాడు. అంగళ్ళు వస్తే ఊరికి బాగుంటాదంట." ఆయన పేపరు మడిచారు. "వాని స్నేహితుడే కట్టేది."

"మీరేమన్నారు?"

"ప్రెసిడెంటు నేను కాదు కదమ్మా."

వంటింట్లో అంబిక చింతపండు నానవేస్తోంది. ఆమెనూ అడిగాను.

"తెలుసు అక్కా. ఆయన రాత్రి చెప్పినాడు."

"నువ్వేమన్నావు?"

"నన్ను అడగలే. మధ్యాహ్నం ముత్తప్ప వస్తాడు, సంతకం పెట్టు అన్నాడు."

"కచేరి పడగొట్టేది నీకు ఇష్టమేనా?"

"లేదు." ఆమె చేయి గిన్నెలోనే ఉంది. "వాన కారే చోట పెంకులు మార్చి, ఒక గది బాలవాడి బడికి ఇస్తే చాలని నా మనసులో ఉండాది. చిన్నపిల్లోళ్ళు ఎండలో కూర్చుంటారు కదా."

నేను ఆమె ముఖం చూశాను. మనసులో ఇంత పెట్టుకుని చింతపండు పిసుకుతోంది.

"మరి పోయి ఆ మాట ఆడ చెప్పు."

"ఆయనతో ఎవురు కొట్లాడేది అక్కా? ఇంట్లో ఉండాల కదా నేను."

అప్పుడు నాకు వచ్చిన కోపం అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. జీపులో వాళ్ళు నవ్విన రోజు కూడా రాలేదు.

"నాకు దొరకని కుర్చీ అది," అన్నాను. "దొరకలేదని నేను ఈ ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు, నిద్ర సరిగ్గా పోలేదు. నువ్వేమో దాన్ని తీసుకొనిపోయి నీ మొగుడికి దిండు మాదిరి వేసిచ్చినావు. లే."

"అక్కా..."

"లెయ్యి. చీర మార్చుకో. వద్దులే, ఇట్లే రా."

చేయి పట్టుకుని లాక్కుని వచ్చాను. ఆమె చేతికి చింతపండు అంటుకుని ఉంది, నా చేతికీ అంటింది. వీధిలో జనం చూస్తున్నారు. ఆమె రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ నేను ఆగలేదు. కచేరి మెట్ల దగ్గర నాంచారమ్మ మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టింది. ముందు వాకిలి నుంచే లోపలికి వెళ్ళాం.

మెంబర్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆడ మెంబర్లు ఇద్దరి బదులు వాళ్ళ మొగుళ్ళు వచ్చారు. ముత్తప్ప పక్క బల్ల దగ్గర. టేకు కుర్చీలో మునిరాజు.

"ఏం వదినా, ఇట్ల వస్తిరి? ఇంట్లో ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలే. లే మునిరాజూ."

అతను నవ్వబోయాడు. బెంచీల మీద ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మీటింగు జరుగుతాండాది వదినా. ఇంటికి పోండి. నేను వచ్చి మాట్లాడతా."

"నీ పెళ్ళాం చెప్పలేదు. నేను చెప్తాండాను. నీ అన్న పెళ్ళాన్ని. నువ్వు చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే ఒళ్ళో పెట్టుకుని గంజి తాపినదాన్ని. నేను లెయ్యమంటే లెయ్యవా?"

ఆ మాట అంబిక అని ఉంటే అతను లేచేవాడు కాదు. ఆ రాత్రి ఇంట్లో ఆమెకు ఏమయ్యేదో చెప్పలేను. నేను వదినను. అతను నా ముందు ఎప్పుడూ బీడీ కాల్చలేదు, కాలు మీద కాలు వేసుకోలేదు. గది మొత్తం అతని వైపు చూస్తోంది. మునిరాజు నెమ్మదిగా లేచాడు. బల్ల మీద పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. నా పక్క నుంచి, నా వైపు చూడకుండా, బయటికి నడిచాడు.

అంబిక నిలబడే ఉంది.

"కూర్చో," అన్నాను.

కూర్చుంది. చింతపండు చేతులు చీరకు తుడుచుకుంది. ముత్తప్పను కాగితం చదవమంది. అతను చదివాడు. ఆమె ఏదో అడిగింది, తమిళంలో. అతను తడబడుతూ జవాబు చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి గొంతు పెద్దదయింది. ఒక మెంబరు లేచి ఏదో వాదించబోతే చేయి ఎత్తి ఆపింది. నాకు తమిళం మాట్లాడితే కొంత తెలుస్తుంది. ఈ ఆఫీసు తమిళం తెలియలేదు. స్తంభం పక్కన నిలబడి ఆమె నోటి వైపు చూస్తూ ఉన్నాను. చివరికి ఆమె తెలుగులోకి దిగింది.

"కచేరి పడగొట్టేది లేదు. పెంకులు మారుస్తాం. పక్క గది బాలవాడికి. ఇష్టం లేనోళ్ళు చేతులెత్తండి."

ఇద్దరు చేతులెత్తారు. మిగిలినవాళ్ళు నేల చూశారు. ముత్తప్ప రాసుకున్నాడు.

ఎంత బాగా చెప్పింది! ఆ కుర్చీ ఆమెకు కుదిరినట్లు కుదిరింది. నా పాత మంట మళ్ళీ లేచింది, అంతకు ముందు కంటే ఎక్కువగా. ఆ మాటలు చెప్పాల్సినది నేను. ఆ చేయి ఎత్తి ఆపాల్సినది నేను. మీటింగు ముగిసేదాకా ఉండకుండా ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత మునిరాజు నాతో మాట్లాడలేదు. అనపకాయలు కోతకు వచ్చేసరికి వేరు కాపురం అన్నాడు. మామ ఇంటిని మధ్యకు పంచారు. వెనక భాగం వాళ్ళది, ముందు భాగం మాది. నా భర్త, "అంతా నీ వల్లే," అన్నాడు. నేను కాదనలేదు. భువన మాత్రం రెండు వంటిళ్ళలోనూ తినేది.

మునిరాజు మళ్ళీ చేను చూసుకోవడం మొదలుపెట్టాడు. అంబిక ప్రతి మీటింగుకూ తనే పోయేది. దారి మా వాకిలి ముందు నుంచే. ఒక పొద్దున నేను ముగ్గు వేస్తున్నాను. ఆమె చంకలో సంచి, జడలో కనకాంబరాలు, వచ్చి ముగ్గు దగ్గర ఆగింది.

"అక్కా, ఈ పొద్దు పెంకుల పని మొదలు. వస్తావా చూసేదానికి?"

"నేనేం పని ఆడ? నీ వెనకాల నిలబడను నేను."

"కూర్చో, బెంచీ ఉండాది."

"బెంచీ మీద కూర్చోను."

ఆమె నవ్వలేదు. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మళ్ళీ ఎలక్షన్ వస్తాది కదా అక్కా."

"వస్తే నీ మీదనే నిలబడతా."

"నిలబడు," అంది అంబిక. "ఈ తూరి నేను ఇడిచిపెడతానని అనను. నువ్వు ఊరంతా తిరుగు, నేనూ తిరుగుతా. ఓడించేకి చూడు."

ఆమె ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో నాకు ఆమె మీద ఇష్టం కలిగింది ఆ ఒక్క నిమిషంలోనే. ముగ్గు తొక్కకుండా పక్కకు జరిగి పొమ్మన్నాను. ఆమె పోయింది. ఆమె చెప్పుల చప్పుడు కచేరి వైపు తిరిగేదాకా వింటూ, చేతిలో ముగ్గు పిండి పట్టుకుని, కొండ కింద ఇళ్ళలో ఇంకా ఎన్ని ఓట్లు తిప్పుకోవచ్చో ఆలోచిస్తూ కూర్చున్నాను.